కెనడా గడియారం

ఆ మధ్యాహ్నం ఆ గది గడప దాటేటప్పటికి నా చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. ఒక ఆడమనిషి చెప్పిన మాట, ఆ మాట నమ్మని ఒక ఇన్‌స్పెక్టరు, ఆయన విసుక్కుంటూ ఇచ్చిన గంట గడువు. గంట దాటితే ఆమెని హత్యకేసు మీద బండెక్కిస్తారు. నేను ఓడిపోతే నాకు పోయేది ఒక మధ్యాహ్నం బేరం. ఆమెకి పోయేది మిగిలిన జీవితం.

నాది ప్లగ్గులూ సాకెట్లూ అడాప్టర్లూ అమ్మే కొట్టు. ఓడలు దిగినవాళ్లు, పరాయి దేశం నుంచి సామాను తెచ్చుకున్నవాళ్లు, తమ ప్లగ్గు మన గోడలో దూరడం లేదని నా దగ్గరికి వస్తారు. డిటెక్టివ్ పని కూడా ఆ కొట్టు బల్ల మీదే మొదలైంది. రెండు వ్యాపారాల్లోనూ నేను చేసేది ఒకటే. ఎక్కడ సరిపోవడం లేదో చూడటం.

చనిపోయిన పెద్దమనిషి నా ఖాతాదారే. ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. అందరూ ఓడ తాతయ్య అనేవారు. అప్పుడప్పుడు వచ్చి ఒక అడాప్టరు కొనేవాడు. ఆయన ఇంట్లో ఉన్న వస్తువులకి అన్ని అడాప్టర్లు అక్కర్లేదని నాకు తెలుసు. కొనడానికి పట్టేది కాసేపే, కొన్నాక బల్ల దగ్గర కూర్చుని ఏ రేవులో ఏ సాకెట్టు ఎలా ఉంటుందో చెప్పుకుపోయేవాడు. నేనూ పొమ్మనేవాణ్ణి కాదు. షట్టరు దించాక నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఆయన గదిలో ఒక గోడ మొత్తం చెక్క పలక. దాని మీద ఆయన తిరిగిన దేశాల సాకెట్లు బిగించి ఉన్నాయి. మూడు బండ పిన్నులు పట్టే బ్రిటన్‌ది, చీలికలు ఏటవాలుగా ఉండే ఆస్ట్రేలియాది, గుండ్రటి గుంటలాంటి జర్మనీది, చూస్తే నవ్వుతున్న మొహంలా ఉండే డెన్మార్క్‌ది. వేటికీ కరెంటు లేదు. ఎవరైనా వస్తే చూపించడానికి పెట్టుకున్నాడు. ఎదురుగా రెండు కుర్చీలు. ఒకదాని సీటు అరిగి గుంట పడింది. రెండోది కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది.

"ఏమయ్యా అడాప్టరూ, ఎగ్జిబిషన్ బాగుందా?" అన్నాడు గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టరు.

నాకు ఆ పేరు పెట్టింది ఆయనే. మా ఇద్దరికీ ఇదివరకే రెండు కేసుల్లో చెడింది. తెలివైనవాడు. కాకపోతే ఒకసారి సరుకు కట్టి తాడు బిగించాక మళ్లీ విప్పడం ఆయనకి నచ్చదు.

"బాగుందండి. మీ లెక్క కూడా చెబితే రెండూ కలిపి చూస్తాను."

"చిన్న లెక్కే. కెటిల్ ప్లగ్గులో ఎర్త్ పిన్నుకి వెళ్లాల్సిన తీగని కరెంటు పిన్నుకి బిగించారు. స్విచ్ వేయగానే కెటిల్ ఒళ్లంతా కరెంటే. ముసలాయన ఒక చెయ్యి కెటిల్ మీద, ఇంకో చెయ్యి కుళాయి మీద వేశాడు. అతుక్కుపోయి, కెటిల్‌తో సహా సింకు మీదకి ఒరిగాడు. కెటిల్ కుళాయికి తగలగానే ఫ్యూజు పోయింది. గదికంతా ఒకటే ఫ్యూజు. లైటు ఆరింది, ఆ గడియారం ఆగింది. అది కరెంటు గడియారం. చూడు, ఎంతయింది?"

"ఆరు నలభై."

"డాక్టరు ఆరుకీ తొమ్మిదికీ మధ్య అన్నాడు. గడియారం ఆరు నలభై అంటోంది. మేనకోడలు ఆరింటికొచ్చి ఏడింటికి వెళ్లానని తనే చెప్పింది. ఉన్న ఒక్క వారసురాలూ ఆవిడే. పోయిన మనిషిని మర్నాడు సాయంత్రం వచ్చి 'చూసిందీ' ఆవిడే. ఇంకేం కావాలి నీకు?"

"గడియారం వెనక్కి నడుస్తుందని ఆమె మీకు చెప్పిందట."

"చెప్పింది. ఎంత వెనక్కమ్మా అంటే ఒక్కోసారి ఒక్కోలా అంది. అయినా పోనీలే అని గడియారాలు బాగుచేసేవాణ్ణి పిలిపించా. మూత విప్పి చూశాడు. చక్రాల్లో ఒక్క పన్ను కూడా అరగలేదు, వంక పెట్టడానికి లేదని రాసిచ్చాడు." ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "నీ గంటలో పావుగంట అయిపోయింది."

మేనకోడలు బయట మెట్ల మీద, కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. చేతులు నానినానీ తెల్లగా పాలిపోయాయి.

"ఆ రోజు ఏం జరిగిందో ఇంకోసారి చెప్పమ్మా."

"ఎన్నిసార్లు చెప్పాలన్నయ్యా? ఆరింటికొచ్చా. టీ పెట్టా. ఇద్దరం తాగాం. మావయ్య రోజూ ఆ ఒక్క టీయే తాగుతాడు, రెండోది తాగితే నిద్ర పట్టదంటాడు. ఏడింటికి బయల్దేరా. ఏడున్నరకి డ్యూటీ ఎక్కా. తెల్లారేదాకా అక్కడే ఉన్నా, పదిమంది చూశారు."

"టీ ఏ కెటిల్‌లో పెట్టావు?"

"ఆ కెటిల్‌లోనే. నాకేం కాలేదే మరి? అదే ఈయనకి చెబుతుంటే, నువ్వు టీ తాగాక తీగ మార్చావంటాడు! నాకు బల్బు మార్చడమే రాదు."

"గడియారం సంగతేంటి?"

"అదెప్పుడూ వెనకే. నేనొచ్చేసరికి అయిదు చూపిస్తూ ఉండేది. ముసలిదైపోయింది, తీసి పారేద్దాం మావయ్యా అంటే కోప్పడేవాడు. అత్తయ్యతో కెనడాలో ఉన్నప్పుడు కొన్నదట. ఆవిడ పోయాక అక్కడి నుంచి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. రోజుకోసారి కుర్చీ ఎక్కి ముల్లు తిప్పి సరిచేసేవాడు. పోనీ, సరిచేస్తానని ఒక్క వస్తువైనా రోజూ నా కోసం ఎదురుచూస్తోందిలే అనేవాడు."

నేను లోపలికెళ్లి కుర్చీ ఎక్కాను. గడియారం తీగ రెండు చదునైన పిన్నులతో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ నేనమ్మిందే. గడియారాన్ని మేకు మీంచి తీసి వీపు తిప్పాను. రేకు మీద అచ్చు చదివేసరికి నాకు లంకెబిందెలు దొరికినంత పనైంది. నూట ఇరవై వోల్టులు. అరవై.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇందులో స్ప్రింగు లేదు. గోడలో కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగితే దీని మోటారు అంత తిరుగుతుంది. కెనడా కరెంటు సెకనుకి అరవై ఊపులు. మన గోడలో యాభయ్యే. జపాన్‌లో అయితే ఒకే దేశంలో సగం ఊళ్లు యాభై, సగం ఊళ్లు అరవై. ఇలాంటి గడియారం అక్కడ ఊరు మారితే చాలు, టైము తప్పుతుంది."

"నన్ను మరీ చిన్నపిల్లాణ్ణి చెయ్యకు. ట్రాన్స్‌ఫార్మర్ ఉందిగా మధ్యలో? దానికేగా అది?"

"అది వోల్టేజీ తగ్గిస్తుంది. గడియారం మాడిపోకుండా కాపాడుతుంది. ఊపుల్ని ముట్టుకోదు. మీ మెకానిక్ అన్నది నిజమే, గడియారంలో వంక లేదు. వంకంతా గోడలో ఉంది."

ఆయన మీసం కొస నోట్లో పెట్టుకుని నమిలాడు. "నోటి మాట నాకొద్దు. పెట్టి చూపించు."

ముందు కెటిల్ తీగ గోడలోంచి పీకి పక్కన పెట్టాను. కొత్త ఫ్యూజు తీగ వేశాను. గడియారాన్ని ఇన్‌స్పెక్టరు చేతి గడియారంతో కలిపి సరిగ్గా మూడుకి పెట్టాం. అరిగిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు, మెరుపు కుర్చీలో నేను. అరగంట ఆగితే తేలిపోతుంది.

ఈలోగా ఇంటి ఓనర్ని పిలిపించమన్నాను. ఆయన పై అంతస్తులోనే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతులు ముందుకి కట్టుకుని నిలబడే మనిషి. తండ్రి కట్టించిన ఇల్లు. ఇల్లమ్మేద్దామని ఒక ఆస్పత్రివాళ్లతో మాటలయ్యాయి. ఓడ తాతయ్య మాత్రం బతికినంతకాలం ఇక్కడే ఉండొచ్చని ఆ తండ్రి మాటిచ్చాడట, కాగితం కూడా రాసిచ్చాడట.

"మీరు ఖాళీ చెయ్యమని ఆయన్ని ఏమైనా అన్నారా?" అని అడిగాను.

ఆయన నొచ్చుకున్నాడు. "అదేంటండీ అలా అంటారు? ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్లలో ఒక్కర్ని, ఒక్కర్ని నేను గట్టిగా మాటన్నానేమో కనుక్కోండి. పెద్దాయన మా నాన్నగారి స్నేహితుడు. నాకు తండ్రితో సమానం."

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఏడింటి దాకా వీధి సంఘం మీటింగులో. సార్‌కి చెప్పానండి, అందరూ ఉన్నారు. వచ్చాక ఏడున్నరకి వాకిట్లోకి దిగా. పెద్దాయన కిటికీ చూస్తే చీకటి. ఎప్పుడూ లైటుండేది. పడుకున్నాడేమోలే, లేపడం ఎందుకని పైకి వెళ్లిపోయా. అప్పటికే పోయాడని నాకేం తెలుసు సార్?"

"ఏడున్నర అని ఎలా గుర్తు?"

"నీళ్ల మోటారు వేసేది ఏడున్నరకేనండి. రోజూ అదే."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు. నేను బేరం ఇంకో వైపు తిప్పాను. "ఈ గడియారం టైము సరిగ్గా చూపించేది కాదంటోంది మేనకోడలు."

"ఊరుకోండి! ఆ విషయంలో పెద్దాయనంత కచ్చితం ఇంకెవరున్నారు? మధ్యాహ్నం పన్నెండుకి రేడియో గట్టిగా పెట్టి, వార్తలు మొదలవగానే కుర్చీ ఎక్కి సరిచేస్తాడు. ఆ రోజు కూడా చేశాడు, నేను కిటికీలోంచి చూసి, జాగ్రత్త పెద్దాయనా పడతావు అని కేకేశా. అలా రోజూ సరిచేసే గడియారం తప్పెలా చూపిస్తుందండీ?"

"ఆ రోజు పన్నెండుకి సరిచేశాడు. కళ్లారా చూశారు."

"దేవుడి మీద ఒట్టు."

నేను ఇంకేమీ అడగలేదు. బేరంలో అవతలివాడు అడక్కుండానే కొసరు వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టకూడదు.

ఇద్దరం కూర్చున్నాం. ఓనరు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గడియారం సన్నగా జుమ్మంటోంది. ఆ గదిలో ఇంకో చప్పుడు లేదు. రోజంతా ఇదే చప్పుడు వింటూ ఒక మనిషి సాయంత్రం ఆరు కోసం కూర్చునేవాడంటే నాకు చెప్పలేనంత దిగులేసింది. కొట్టు మూశాక నా గదిలో ఫ్యాను కూడా ఇలాగే జుమ్మంటుంది.

"మూడున్నర" అన్నాడు ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసి. తర్వాత తలెత్తి గోడ వైపు చూశాడు. లేచి దగ్గరికెళ్లి చూశాడు.

గోడ మీద మూడూ ఇరవై అయిదు.

నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. "ఉండవయ్యా, నాకూ లెక్కలొచ్చు. అది అయిదు నిమిషాలు నడిస్తే నిజంగా ఆరు నిమిషాలు. పన్నెండు నుంచి ఆరు నలభైకి నాలుగు వందల నిమిషాలు. అంటే నిజంగా నాలుగు వందల ఎనభై. ఎనిమిది గంటలు." గోడకేసే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఫ్యూజు పోయింది ఎనిమిదింటికి."

"ఎనిమిదింటికి ఆమె దుప్పట్లు ఉతుకుతోంది."

"అది సరే." ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు తిరిగాడు. గొంతు మారలేదు, చూపు మారింది. "ఎనిమిదింటి దాకా వెలిగిన లైటు నీకు ఏడున్నరకి చీకటిగా ఎలా కనబడిందయ్యా?"

ఓనరు పెదాలు తడుపుకున్నాడు. "టైము... టైము సరిగ్గా చూసుకోలేదేమో సార్. మోటారు లేటుగా వేశానేమో. అంత గుర్తుంటుందా?"

"రోజూ అదే టైమన్నావ్?"

"మామూలుగా అన్నానండి."

ఇన్‌స్పెక్టరు నన్ను కిటికీ దగ్గరికి లాగాడు. "అబద్ధమని నాకూ తెలుసు" అన్నాడు గొంతు తగ్గించి. "గడియారం ఆరు నలభైకి ఆగిందని తెలిసి, దానికి తగ్గట్టు కథ అల్లాడు. కానీ రేపు వకీలు వచ్చి మరిచిపోయాడంటాడు, అంతే. ఆవిణ్ణి వదిలేస్తా సరే. వీణ్ణి దేంతో పట్టుకోను? ఇంకేమైనా ఉందా నీ కొట్లో?"

ఆయన నన్ను సరుకడగడం అదే మొదటిసారి.

"ఆ కెటిల్ ప్లగ్గు చూడండి. తెల్లగా, కొత్తది. మన మూడు పిన్నులది. కెటిల్ జర్మనీది. దానికి గుండ్రటి పెద్ద ప్లగ్గుండేది, దాని అడాప్టరు నేనే అమ్మాను. ఇదిగో, ఈ అరమీద ఖాళీగా పడుంది. ఓడ తాతయ్య తన వస్తువు ఏదీ ప్లగ్గు కోయించేవాడు కాదు. కోస్తే అది ఏ రేవుదో మరిచిపోతుందనేవాడు. నేను ఎన్నోసార్లు చెప్పా, కోసేసి మన ప్లగ్గు వేసుకుంటే అడాప్టర్లతో పనిలేదని. నా వ్యాపారం పోయినా సరే అని చెప్పా. ఒప్పుకోలేదు."

ఇన్‌స్పెక్టరు కాసేపు కెటిల్ వైపు చూసి, జేబులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీశాడు. "శవం చొక్కా జేబులో ఉంది. పాత ప్లగ్గు ఒకటి అని రాయించి వదిలేశా."

నల్లటి గుండ్రటి ప్లగ్గు. వెనక బొటనవేలంత తీగ ముక్క, శుభ్రంగా కత్తిరించినట్టు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆరింటికి ఆమె టీ పెట్టినప్పుడు ఈ ప్లగ్గు కెటిల్‌కే ఉంది. ఎనిమిదింటికి ఆయన జేబులో ఉంది. జేబులో వేసుకున్నాడంటే కోసినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. బతికే ఉన్నాడు.

నాకు బేరంలో ఒక అలవాటుంది. అవతలివాడు ధర చెప్పకపోతే, నేను మరీ అన్యాయమైన ధరొకటి చెబుతాను. రోషమొచ్చి అసలు ధర వాళ్లే చెబుతారు. ఈ ఓనరుకి దేనికి రోషమొస్తుందో ఇందాకే చూశాను.

గుమ్మానికి వినపడేలా అన్నాను. "ఏముంది సార్, తెలుస్తూనే ఉందిగా. ముసలాయన చస్తే కోయనివ్వడు. మెడ పట్టుకుని కుర్చీలో కుదేసి, నాలుగు తగిలించి, ఆయన కాళ్లావేళ్లా పడుతుంటే కోసుంటారు. తండ్రి వయసు మనిషిని అలా కొట్టాడంటే వాడెవడో ఒట్టి రౌడీ వెధవ."

"కొట్టడమేంటండీ!" ఓనరు రెండడుగులు లోపలికొచ్చాడు. మొహం ఎర్రబడింది. "నోటికెంతొస్తే అంత అనేయడమేనా? ఎవరూ చెయ్యి వెయ్యలేదు ఆయన మీద. ప్లగ్గు మారుస్తానంటే ఆయనే సరేనన్నాడు, కత్తెర కూడా ఆయనే తెచ్చిచ్చాడు, కూర్చో టీ పెడతా..."

ఆగిపోయాడు.

గడియారం జుమ్మంటూనే ఉంది. ఇన్‌స్పెక్టరు మెల్లిగా వెళ్లి, ఆయన వెనక తలుపు గడియ వేశాడు.

"ఆపావేం? టీ పెడతానన్నాడు. ఎవరికి? ఆయన అప్పటికే తాగేశాడుగా." ఇన్‌స్పెక్టరే జవాబు కూడా చెప్పాడు. "నీకు. నీకోసం టీ పెట్టడానికి లేచి కెటిల్ ముట్టుకున్నాడు. నువ్వు కూర్చుని చూశావు."

ఓనరు కట్టుకున్న చేతులు విడిపోయాయి.

మేనకోడలికి చెప్పడానికి నేనే మెట్ల మీదకి వెళ్లాను. నీ మీద కేసు లేదమ్మా, ఇంటికెళ్లొచ్చు అన్నాను. ఆమె లేవలేదు.

"అయితే మావయ్య ఎనిమిదింటి దాకా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఆ రోజు ఇంకాసేపు కూర్చోవే అన్నాడన్నయ్యా. డ్యూటీకి టైమైంది, రేపు కూర్చుంటాలే అన్నా." పాలిపోయిన చేతులతో మొహం కప్పుకుంది. నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను. అంతకన్నా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక లెక్క ముగించాలి. ఆమెకి తన బతుకు తనకి దక్కింది. ఇన్‌స్పెక్టరుకి అసలు మనిషి దొరికాడు. నాకు ఒక ఖాతాదారు తగ్గాడు. ఓడ తాతయ్యకి మాత్రం, ఫైలులో రాసినదానికన్నా, ఒక గంటా ఇరవై నిమిషాల ఆయుష్షు ఎక్కువ తేలింది. మేనకోడలు వెళ్లాక అందులో కొంత ఒంటరిగానే గడిపి ఉంటాడు. చివర్లో తలుపు చప్పుడైంది, మనిషొచ్చాడు. వచ్చినవాడు ప్లగ్గు కోస్తానన్నాడు. ఏ దేశంలోనూ, ఎవరి మాటా విని కోయనివ్వని మనిషి, తన చేత్తో కత్తెర తెచ్చిచ్చాడు. కోసిన ముక్కని పారేయలేక జేబులో దాచుకున్నాడు. ఆ ప్లగ్గు ఇచ్చి ఒక అరగంట కబుర్లు కొనుక్కున్నాడు. ఆ బేరం ఆయనకి లాభంగానే తోచి ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా ఆ ఒక్క లెక్కే నాకు మింగుడుపడటం లేదు.